ఛాతీలో మంట తగ్గినా పొట్టను మరువకండి

ఎడపల్లి, బోధన్ వైపు ‘షుగర్’ అంటే ఒకప్పుడు శక్కర్‌నగర్‌లోని నిజాం షుగర్ ఫ్యాక్టరీ గుర్తుకు వచ్చేది. ఆ ఫ్యాక్టరీ 2015లో మూతపడింది. ఇప్పుడు ఆ మాట వింటే జబ్బే గుర్తుకు వస్తోంది. షుగరుకు, బి.పి.కి మందులు వాడే ఇళ్ళలో కూడా ఛాతీ మంటను మాత్రం ‘గ్యాస్’ అని కొట్టిపారేస్తారు. ఏళ్ళ తరబడి మెడికల్ షాపు మాత్రలతోనే గడుపుతారు. ఈ రెండింటికీ సంబంధం ఉంది.

మెటబాలిక్ సిండ్రోమ్ అంటే ఏమిటి?

నడుము చుట్టుకొలత మగవారిలో 90, ఆడవారిలో 80 సెంటీమీటర్లు లేదా అంతకు మించడం, బి.పి. 130/85 లేదా ఎక్కువ, పరగడుపు షుగర్ 100 లేదా ఎక్కువ, ట్రైగ్లిజరైడ్లు 150 లేదా ఎక్కువ, మంచి కొలెస్ట్రాల్ తక్కువ – ఈ అయిదింటిలో మూడు ఉంటే దానిని మెటబాలిక్ సిండ్రోమ్ అంటారు. నడుము కొలత టేపుతో పొట్ట మీద చూడాలి. ప్యాంటు సైజు లెక్కలోకి రాదు.

అన్నవాహికకు ఏమవుతుంది?

పొట్టలోని కొవ్వు జీర్ణాశయాన్ని పైకి నొక్కుతుంది. అన్నవాహిక చివర ఉండే కవాటం వదులై ఆమ్లం పైకి ఎగదన్నుతుంది. ఆ కొవ్వు నుండి వెలువడే పదార్థాలు కూడా వాపును పెంచుతాయి. ఏళ్ళ తరబడి ఇలా జరిగితే కొందరిలో అన్నవాహిక లోపలి పొర పేగు పొరలా మారిపోతుంది. ఇదే బ్యారెట్స్ ఈసోఫేగస్. దీని గురించి 1950లో రాసిన లండన్ సర్జన్ నార్మన్ బ్యారెట్ పేరు దీనికి వచ్చింది. ఎక్కువ మందిలో ఇది క్యాన్సర్‌గా మారదు. అయినా ఆ ముప్పు ఉన్నందువలననే పరీక్షలు చేస్తారు.

ఒక విచిత్రం గమనించండి. మారిన పొరకు ఆమ్లం అంతగా బాధ కలిగించదు. అందుకే మంట తగ్గిందని రోగి ఆస్పత్రికి రావడం మానేస్తాడు. ఇంటివారే గుర్తుచేయాలి.

చికిత్సలో మీ పాత్ర

ఆమ్లం తగ్గించే మాత్రను అన్నానికి అరగంట ముందు ఇవ్వండి. కణాలలో చెడు మార్పు లేకుంటే సాధారణంగా 3 నుండి 5 ఏళ్ళకొకసారి ఎండోస్కోపీ చేసి ముక్క తీసి పరీక్షిస్తారు. చెడు మార్పు కనిపిస్తే ఆ పొరను ఎండోస్కోపీ ద్వారా కోసి తీస్తారు, లేదా రేడియో తరంగాల వేడితో కాలుస్తారు. ఆమ్లం అదుపులో లేకుంటే ఆ పొర తిరిగి రావచ్చు. బరువు తగ్గితే మంట తగ్గుతుంది. మారిన పొర మాత్రం అలాగే ఉండవచ్చు కనుక చెకప్ మానరాదు. పొట్టను సన్నని గొట్టంలా కుదించే బరువు తగ్గించే ఆపరేషన్ ఇటువంటి వారిలో ఆమ్లం సమస్యను పెంచవచ్చు. ఆ ఆలోచన ఉంటే ముందే డాక్టరుతో మాట్లాడండి.

రాత్రి ఆలస్యంగా కడుపునిండా తిని వెంటనే పడుకోవడం మన ఇళ్ళలో అలవాటు. భోజనానికీ నిద్రకూ మధ్య మూడు గంటలు ఉండనివ్వండి. మంచం తలవైపు కోళ్ళ కింద ఇటుకలు పెట్టండి. దిండ్లు పెంచితే మెడ మాత్రమే వంగుతుంది. బీడీ, సిగరెట్ మాన్పించండి.

ఎండోస్కోపీ నాడు పరగడుపున ఉంటారు కనుక షుగర్ మాత్ర, ఇన్సులిన్ ఎంత ఇవ్వాలో ముందురోజే అడగండి. రక్తం పలుచబరిచే మాత్రలు, బరువు తగ్గే వారపు ఇంజెక్షన్ వాడుతుంటే తప్పక చెప్పండి. కొన్ని బి.పి. మాత్రలు కూడా కవాటాన్ని వదులు చేస్తాయి. అయినా ఏ మందునూ సొంతంగా ఆపకండి.

అన్నం గొంతులో అడ్డుపడినా, కారణం లేకుండా బరువు తగ్గినా, నల్లటి విరేచనం లేదా రక్తపు వాంతి అయినా తేదీ కోసం ఎదురుచూడకుండా వెంటనే తీసుకురండి.