గోడకు తగిన పూత

ఇల్లు కట్టి చూడమన్నారు పెద్దలు. కట్టిన ఇంటిని కాపాడుకోవడం అంతకంటె ఓర్పు కోరే పని. కాలం గడిచేకొద్దీ గోడల పూత ఒకచోట ఉబ్బుతుంది, మరొకచోట పెచ్చులూడుతుంది. ఆ మిట్టపల్లాలను సరిచేయబూనినవారు ముందుగా ఆ గోడ దేనితో కట్టినదో తెలుసుకోవాలి.

సిమెంటు వ్యాప్తికి రాకముందు తెలుగునాట మేడలను ఎక్కువగా సున్నపు గారతో నిర్మించేవారు. సున్నాన్ని, ఇసుకను గానుగలో నీటితో మెత్తగా నూరేవారు. బెల్లపు నీటిని, కరక్కాయ నానబెట్టిన నీటిని చేర్చడం కూడా వాడుకలో ఉండేది. ఆ పూత గాలిలోని బొగ్గుపులుసు వాయువును గ్రహించి క్రమంగా గట్టిపడుతుంది. అయినా దానిలో సన్నని రంధ్రాలుంటాయి. నేలనుండి గోడలోకి ఎగబ్రాకిన చెమ్మ వాటిగుండా వెలుపలికి ఆవిరైపోతుంది.

1824లో ఇంగ్లండులో జోసెఫ్ ఆస్ప్డిన్ పోర్ట్‌లాండ్ సిమెంటుకు పేటెంటు పొందాడు. బలంలోను, త్వరగా గట్టిపడటంలోను సిమెంటుదే పైచేయి. అందుచేత కాలక్రమాన పాత సున్నపు గోడలకు కూడా సిమెంటు పూయడం పరిపాటి అయింది. కాని సిమెంటు చెమ్మను సులభంగా వెలుపలికి పోనీయదు. లోపల చిక్కుకొన్న నీటితోపాటు లవణాలు పేరుకొని మెత్తని ఇటుకను పొడి చేస్తాయి. కొన్నేళ్ళకు ఆ గట్టి పూత విడిపోతూ ఇటుక ముఖాన్ని కూడా పెకలించుకొనిపోతుంది. బలం కోసం చేసిన పనే గోడను బలహీనపరుస్తుంది.

కనుక సున్నపు గోడకు సున్నమే తగినది. మొదట చెమ్మకు మూలమైన కారే గొట్టాన్నో, కురిసే కప్పునో బాగుచేయాలి. వ్రేళ్ళ కణుపులతో తట్టిచూస్తే, పట్టు వదిలిన చోట గోడ డొల్లగా మ్రోగుతుంది. ఆ భాగాన్నంతా చెక్కివేసి, దుమ్ము దులిపి, నీటితో తడపాలి. ఒక పాలు సున్నానికి మూడు పాళ్ళ ఇసుక కలిపి, పల్లాలను పలుచని పొరలుగా పూరించాలి. పొర 10 మిల్లీమీటర్లకు మించకుండుట మేలు. అది కొంత గట్టిపడిన పిమ్మటనే మరొక పొర వేయాలి. తూకపు గుండుతో నిలువును, బద్దతో చదునును సరిచూస్తూ తాపీతో నునుపు చేయాలి. త్వరగా ఎండితే పూత బీటలు వారుతుంది. అందుచేత తడి గోనెపట్టాలు వ్రేలాడదీసి కొన్నాళ్ళు కాపాడాలి. సున్నం చర్మాన్ని, కళ్ళను కాలుస్తుంది గనుక చేతితొడుగులు, కళ్ళద్దాలు తప్పక ధరించాలి. చివరకు చెమ్మను అడ్డగించని వెల్ల వేయడం ఉత్తమం.

గానుగ సున్నం పని తెలిసిన మేస్త్రీలు నేడు అరుదైనారు. పాత గోడను దాని స్వభావమెరిగి సరిచేసినవారు ఇంటితోపాటు ఆ పనితనాన్ని కూడా నిలిపినవారవుతారు.