కాలేజీ అప్లికేషన్‌లో ఈ-స్పోర్ట్స్ రాయొచ్చా?

అమెరికాలో బ్యాచిలర్స్‌కు అప్లై చేసే పిల్లల్లో చాలామందికి ఈ సందేహం ఉంటుంది. వాలరంట్, లీగ్ ఆఫ్ లెజెండ్స్ లాంటి వీడియో గేమ్‌లు రెండు మూడేళ్లుగా పోటీల్లో ఆడుతుంటారు. ఆ సంగతి రాస్తే చదువు పక్కన పెట్టి ఆటలాడాడు అనుకుంటారేమోనని ఇంట్లో భయం. నన్నడిగితే నిస్సంకోచంగా రాయమంటాను. అయితే ఏ గేమ్ ఆడారన్నదానికంటే జట్టుకోసం ఏం చేశారన్నది ముందుండాలి.

ఈఏపీసెట్, జేఈఈ కౌన్సెలింగ్‌లో సీటు తేల్చేది ర్యాంకు, రిజర్వేషన్లే కాబట్టి ఈ చర్చ అక్కడికి వర్తించదు.

అమెరికా క్యాంపస్‌లకు ఈ-స్పోర్ట్స్ కొత్తేమీ కాదు. షికాగోలోని రాబర్ట్ మోరిస్ యూనివర్సిటీ 2014లోనే లీగ్ ఆఫ్ లెజెండ్స్ ఆటగాళ్లకు స్కాలర్‌షిప్‌లిచ్చి జట్టు కట్టింది. కాలిఫోర్నియా యూనివర్సిటీ అర్వైన్ క్యాంపస్‌లో 2016లో ప్రత్యేకంగా ఎరీనా తెరిచారు. 2023లో హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో ఈ-స్పోర్ట్స్‌కు పతకాలూ ఇచ్చారు. అంతమాత్రాన ఫోన్‌లో గేమ్ ఆడే ప్రతివాళ్లూ క్రీడాకారుల లెక్కలోకి రారు. ఇంట్లో కూర్చుని ర్యాంకు పెంచుకోవడం హాబీ కిందికే వస్తుంది. జట్టు, ప్రాక్టీసు, టోర్నమెంటు, బాధ్యత ఉంటేనే అది యాక్టివిటీ.

చాలా అమెరికా కాలేజీలకు ఒకే దరఖాస్తుతో అప్లై చేసే కామన్ యాప్‌లో పది యాక్టివిటీల వరకు రాయొచ్చు. వివరణకు దక్కేది 150 అక్షరాలే, ఖాళీలతో కలిపి. చాలామంది అందులో సగం గేమ్ పేరుకీ, ర్యాంకుకీ ఖర్చుపెట్టి, చివర్లో 'టీమ్‌వర్క్ నేర్చుకున్నాను' అని ముగిస్తారు. వాలరంట్‌లో ఇమ్మోర్టల్ ర్యాంకంటే ఏమిటో అప్లికేషన్ చదివే అధికారికి తెలియకపోవచ్చు. రాసేది ఇంగ్లిష్‌లోనే అయినా భావం ఇలా ఉండాలి: 'ఐదుగురి స్కూల్ జట్టుకు కెప్టెన్. వారానికి రెండు ప్రాక్టీసులు నడిపాను. ఓడిన మ్యాచ్‌ల రికార్డింగులు చూసి తప్పులు గుర్తించాను. జూనియర్లకు నేర్పాను.' ఇందులో గేమ్ పేరే లేదు. అయినా ఈ పిల్లవాడు నలుగురిని కూడగట్టగలడనీ, ఓటమిని పరిశీలించగలడనీ తెలిసిపోతుంది. టోర్నమెంట్ నిర్వహించినా, మ్యాచ్‌లకు కామెంటరీ చెప్పినా, స్కోర్ల లెక్కకు చిన్న ప్రోగ్రామ్ రాసినా అదే ముందు పెట్టండి. నా దృష్టిలో ఆడటం కంటే వీటికే విలువ ఎక్కువ.

వారానికి ఎన్ని గంటలు, ఏడాదికి ఎన్ని వారాలు అనే గడులు కూడా ఉంటాయి. అక్కడ నిజమే రాయండి. సరదాగా ఆడిన గంటలు కలపకుండా జట్టు ప్రాక్టీసు, మ్యాచ్‌ల సమయం మాత్రమే చూపండి. వారానికి 35 గంటలని రాస్తే మరి చదివిందెప్పుడన్న అనుమానం వస్తుంది. మార్కులు తగ్గిన ఏడాదిలోనే ఆ గంటలు పెరిగి కనిపిస్తే ఇంకా ఇబ్బంది.

డబ్బు పెట్టి ఆడే రమ్మీ లాంటివాటిని ఈ-స్పోర్ట్స్ పేరుతో రాయొద్దు. 2025లో కేంద్రం తెచ్చిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం ఈ-స్పోర్ట్స్‌ను గుర్తించి, డబ్బు ఆటలను నిషేధించింది.

ఈ-స్పోర్ట్స్ స్కాలర్‌షిప్ కావాలనుకునేవారు అప్లికేషన్‌లో ఒక లైను రాసి ఊరుకుంటే సరిపోదు. ఆ కాలేజీ జట్టు కోచ్‌కు మీ మ్యాచ్ వీడియోలు, టోర్నమెంట్ ఫలితాలతో విడిగా మెయిల్ పెట్టాలి.

కామన్ యాప్ ఏటా ఆగస్టు 1న తెరుచుకుంటుంది. తొమ్మిదో తరగతి నుంచి చేసినవి అందులో రాయొచ్చు. అందుకే ఆడిన టోర్నమెంట్ల తేదీలు, ఫలితాలు, సర్టిఫికెట్లు ఇప్పట్నుంచే ఒక ఫైల్‌లో దాచుకోండి.