అభిమన్యుడు ముందే చెప్పాడు

ఈ వారం పద్మవ్యూహం వీడియోలో త్వరగా దాటేసిన ఒక మాట ఇక్కడ చెప్పుకుందాం.

యుద్ధం 13వ రోజు. అభిమన్యుడికి 16 ఏళ్లు. తల్లి కడుపులో విన్నాడన్నది మనం చెప్పుకునే కథ. వ్యాసభారతం ద్రోణపర్వంలో మాత్రం ధర్మరాజుతో సూటిగానే అంటాడు: లోపలికి వెళ్లడం నాన్న నేర్పారు, ఆపదొస్తే బయటికి రావడం నాకు రాదు అని. దాచలేదు పాపం. "నువ్వు దారి చెయ్యి, వెనకే మేం వస్తాం" అన్నది పెద్దవాళ్లే. సైంధవుడు అడ్డుపడ్డాడు, వాళ్లు రాలేకపోయారు.

మన ఇళ్లలో? టెన్త్‌లో మార్కులొచ్చాయని బైక్ తాళం ఇచ్చేస్తాం. (16 ఏళ్లకి లైసెన్స్ ఇచ్చేది 50 సీసీ లోపు గేర్లేని బండికే. మైనర్‌ పట్టుబడితే 2019 సవరణ ప్రకారం తల్లిదండ్రులకి 25,000 జరిమానా, 3 ఏళ్ల వరకు జైలు పడొచ్చు.) బండి నేర్పుతాం సరే, ఫ్రెండ్స్ "రేస్ వేద్దాం రా" అంటే తప్పుకోవడం ఎవరు నేర్పారు?

ముందే ఒక గుర్తు అనుకోండి. పిల్లవాడు మెసేజ్‌లో ఒక్క చుక్క పెడితే చాలు, అమ్మ ఫోన్ చేసి "అర్జెంటుగా ఇంటికి రా" అని అరవాలి. ఫ్రెండ్స్ దగ్గర వాడి పరువు నిలుస్తుంది, తిట్లు అమ్మకి పడతాయి. రాత్రి ఒంటిగంటైనా వెళ్లి తీసుకురండి, క్లాస్ పొద్దున పీకొచ్చు. దారిలోనే మొదలుపెడితే రెండో చుక్క రాదు.

ఇంట్లో తమ్ముడో చెల్లో ఉంటే, ఆ నంబర్ మీదే ఇవ్వండి.