పాలిసెట్‌లో ఎన్ని మార్కులు అనుకోవాలి?

పదో తరగతి అక్కలు ఇప్పుడు పాలిసెట్ గురించే మాట్లాడుకుంటున్నారు. వచ్చే ఏడు మన వంతు.

పాలిసెట్ అంటే పాలిటెక్నిక్ డిప్లొమాలో చేరడానికి రాసే పరీక్ష. 120 ప్రశ్నలు, రెండు గంటలు. లెక్కలు 50, ఫిజిక్స్ 40, కెమిస్ట్రీ 30. తప్పు పెడితే మార్కు తీసెయ్యరు. ఇన్ని మార్కులు రావాలనే హద్దు మిగతావాళ్ళకి ఉంది, ఎస్.సి., ఎస్.టి.లకు లేదు. అందుకే మనలో కొందరు "మనకేటి, ఎన్నొచ్చినా సీటు వచ్చీస్తాది" అంటున్నారు. కాని సీట్లు ర్యాంకు వరసలో ఇస్తారు. మన కోటాలో మనవాళ్ళతోనే పోటీ. దగ్గర్లో పాడేరు పాలిటెక్నిక్ ఉంది. అక్కడ కావలసిన బ్రాంచి దొరకాలంటే మంచి ర్యాంకు ఉండాలి. దూరం కాలేజీలో సీటొస్తే ఇంట్లో పంపుతారా? నన్నయితే పంపరు.

అలాగని పెద్ద అంకె రాసుకుంటే చాలదు. మా రూములో ఒక అక్క ట్రంకుపెట్టె మూత మీద 100 అని రాసుకుంది. గడియారం పెట్టుకొని పాత పేపరు చేస్తే 38 వచ్చాయి. లెక్కలు 9, ఫిజిక్స్ 16, కెమిస్ట్రీ 13. రెండు రోజులు పుస్తకం ముట్టలేదు. తర్వాత ఇద్దరం కూర్చుని పేపరు చూశాం. లెక్కల్లో 39 ప్రశ్నలు ఖాళీ! ప్రతి ప్రశ్నకూ నాలుగు జవాబులుంటాయి. ఊరికే ఏదో ఒకటి పెట్టినా 9, 10 తగలొచ్చు. అది అదృష్టం, లెక్కలో వేసుకోలేదు. కెమిస్ట్రీలో ఆమ్లాలు-క్షారాలు గట్టిగా చదివితే 6, ఫిజిక్స్‌లో విద్యుత్ పాఠంతో 6 పెంచొచ్చు అనుకున్నాం. అక్క 100 కొట్టేసి 50 రాసింది. అది వచ్చాక 60 రాస్తాదట.

ఆ పాత పేపరు సైన్సు మేడం దగ్గర ఉంది. ఆదివారం స్టడీ అవర్‌లో తొమ్మిదో తరగతివాళ్ళం చేస్తాం, ఇంకా చెప్పని పాఠాల ప్రశ్నలు వదిలేసి. పెన్సిళ్ళు తెచ్చుకోండి.