పాట తెచ్చిన సొమ్ము

పాట ఆకలి తీరుస్తుందా? ఒకసారి తీర్చాలని చూసింది. ఆ కథ ఇది.

ఇప్పుడు బంగ్లాదేశ్ అంటున్న దేశాన్ని 1971కి ముందు తూర్పు పాకిస్తాన్ అనేవారు. 1970 నవంబరులో అక్కడ పెను తుఫాను వచ్చింది. లక్షల మంది చనిపోయారు. ఆ దెబ్బ నుంచి కోలుకోకముందే ఇంకో దెబ్బ తగిలింది. 1971 మార్చి 25 రాత్రి సైన్యం జనం మీద పడింది.

జనం ఇళ్లూ వాకిళ్లూ వదిలేశారు. చంటిపిల్లల్ని చంకనేసుకుని, మూటలు నెత్తిన పెట్టుకుని మన దేశానికి వచ్చారు. ఏడాది చివరికి అలా వచ్చినవాళ్లు దాదాపు కోటి మంది. గుడారాలు చాలలేదు. కలకత్తా దగ్గర కొందరు పెద్ద సిమెంటు గొట్టాల్లో తలదాచుకున్నారు. కలరా సోకింది. ఎంతోమంది పిల్లలు చనిపోయారు.

రవిశంకర్ పేరున్న సితార్ విద్వాంసుడు. ఆయన బెంగాలీ. అప్పుడు అమెరికాలో ఉన్నారు. తన భాష మాట్లాడే జనం పడే కష్టం విని ఊరుకోలేకపోయారు. కచేరీ చేసి 25 వేల డాలర్లయినా పంపాలనుకున్నారు. తన దగ్గర సితార్ నేర్చుకున్న జార్జ్ హారిసన్‌ను సాయం అడిగారు.

హారిసన్ ఇంగ్లాండు దేశపు పాప్ గాయకుడు. బీటిల్స్ అనే పాటల బృందంలో పాడేవాడు. ఆ బృందం పేరు తెలియని దేశం లేదు. గురువు మాట వినగానే హారిసన్ పని మొదలుపెట్టాడు. తోటి గాయకులకు ఫోన్లు చేశాడు. ఒక్క పైసా తీసుకోకుండా పాడతామని వాళ్లు ఒప్పుకున్నారు.

1971 ఆగస్టు 1న న్యూయార్క్ నగరంలో కచేరీ జరిగింది. మధ్యాహ్నం ఒకటి, రాత్రి ఒకటి. రెండింటికీ కలిపి 40 వేల మంది టికెట్టు కొని వచ్చారు. మొదట రవిశంకర్ బృందం కూర్చుని వాద్యాలు శ్రుతి చేసుకుంది. జనం అదే పాట అనుకుని చప్పట్లు కొట్టారు. శ్రుతే ఇంత నచ్చితే కచేరీ ఇంకా నచ్చుతుందన్నారు రవిశంకర్!

టికెట్ల సొమ్ము 2,43,418 డాలర్లు వచ్చింది. అనుకున్నదానికి దాదాపు పది రెట్లు. ఆ డబ్బు పిల్లల కోసం పనిచేసే యునిసెఫ్ సంస్థకు అందింది. తర్వాత కచేరీ పాటలు రికార్డుగా వచ్చాయి. సినిమా కూడా వచ్చింది. వాటి మీద ఇంకా ఎన్నో రెట్ల సొమ్ము వచ్చింది.

చిక్కు అక్కడే వచ్చింది. అమెరికాలో రాబడి మీద పన్ను కట్టాలి. ధర్మానికి ఇచ్చే సొమ్ముకు మినహాయింపు ఉంది. కానీ ఆ సొమ్ము ఏ సంస్థకు పోతుందో ముందే కాగితం రాసి ఇవ్వాలి. తొందరలో ఆ కాగితం ఎవరూ రాయలేదు. దాంతో పన్నుల శాఖ సొమ్మును ఆపేసింది. కొంత డబ్బు ముందు వెళ్లింది. చాలా డబ్బు సుమారు పదేళ్లు చిక్కుకుపోయింది.

ఈలోగా 1971 డిసెంబరులో యుద్ధం ముగిసింది. బంగ్లాదేశ్ ఏర్పడింది. వచ్చినవాళ్లు తిరిగి వెళ్లారు. ఆగిన సొమ్ము ఆఖరికి యునిసెఫ్‌కు చేరింది. కానీ గుడారంలో పాలకు ఏడ్చిన బిడ్డ పదేళ్లు ఆగగలదా?

పాడినవాళ్ల మనసు మంచిదే. టికెట్టు కొన్నవాళ్ల మనసూ మంచిదే. ఒక్క కాగితం లేకపోవడం వల్ల మంచి పని ఆలస్యమైంది.

మన ఊళ్లోనూ చందాలు వసూలు చేస్తారు. తుఫాను బాధితుల కోసం అంటారు. బడి కోసం, గుడి కోసం అంటారు. ఇవ్వడం మంచిదే. కానీ ఇచ్చేముందు అడగాలి. ఎవరి పేరున వసూలు చేస్తున్నారు? ఎవరికి చేరుస్తారు? ఎప్పుడు లెక్క చెబుతారు? రసీదు తీసుకోవాలి. అందులో అంకె సరిగా ఉందో లేదో చదివి చూసుకోవాలి. అక్షరం నేర్చిన మనిషికి అడగడంలో మొహమాటం ఎందుకు?

కొత్త మాటలు
కచేరీ: పదిమంది ముందు పాడడం, వాయించడం
మినహాయింపు: కట్టనక్కరలేదని వదిలేయడం
రసీదు: డబ్బు ముట్టిందని రాసి ఇచ్చే కాగితం

మాట్లాడుకోండి
1. కచేరీ సొమ్ము ఎందుకు ఆగిపోయింది?
2. మీ ఊళ్లో కిందటి చందాకు ఎవరు లెక్క చెప్పారు?
3. మీ సంఘం తరఫున 50 రూపాయలకు ఒక రసీదు రాయండి.