ఎముకల ఆపరేషను తరువాత గాయానికి ఏ కట్టు మంచిది?

మన నేత కుటుంబాలలో తుంటి ఎముక విరిగిన పెద్దలు, మోకాలి కీలు మార్పించుకొన్నవారు, కాలు విరిగి లోపల ప్లేటో కడ్డీయో వేయించుకొన్నవారు తక్కువ కాదు. ఆపరేషను డాక్టరుగారు చేస్తారు. ఇంటికి వచ్చిన తరువాత కుట్లు విప్పేదాకా గాయాన్ని కాపాడవలసిన భారం ఇంటివారిదే. లోపల అమర్చిన లోహం మీద క్రిములు చేరినచో అవి పొరగా అంటుకొని ఉంటవి. మందులు వాటికి సరిగా అందవు. మరల ఆపరేషను చేసి కడగవలసి రావచ్చును. ఒక్కొక్కప్పుడు లోహాన్నే తీసివేయవలసి వచ్చును. మగ్గం నెలల తరబడి నిలిచిపోతుంది. అందువలన కట్టును గురించి సభ్యులు తెలుసుకొనవలసిన సంగతులు ఇక్కడ వ్రాయుచున్నాము.

కట్టు చేయవలసిన పని

గాయానికి కట్టు చేసే ఉపకారం మూడు విధాలు. ఒకటి, బయటి దుమ్మును, చేతులను గాయానికి తగలనీయకుండుట. రెండు, గాయం నుండి ఊరే రసిని పీల్చుకొనుట. మూడు, విప్పేటప్పుడు కొత్త చర్మాన్ని ఊడదీయకుండా విడివడుట. ఏ డ్రెస్సింగునైనా ఈ మూడింటితోనే పరీక్షించవలెను.

గాజుగుడ్డ గుణదోషాలు

గుడ్డ సంగతి మనకు కొత్త కాదు. గాజుగుడ్డ సాదా నేతయే. పడుగు పేకలు ఎడంగా ఉంటవి. తమిళనాడులో రాజపాళయం దగ్గరి సత్రపట్టి ఆసుపత్రి గాజుగుడ్డకు, కట్టుగుడ్డకు పేరుపొందిన ఊరు. అయితే మగ్గం నుండి దిగిన గుడ్డ అప్పటికి ఇంకా గాయానికి పనికిరాదు. పచ్చినూలు నీళ్లలో వేస్తే వెంటనే మునగదని రంగు వేసేవారందరికీ తెలుసును. ప్రత్తిలో పుట్టుకతో ఉన్న మైనం నీటిని అడ్డుకొంటుంది. గంజి పోగొట్టి, క్షారంలో ఉడికించి, చలువ చేసిన పిమ్మటనే ఆ గుడ్డ రసిని పీల్చును. ఆపైన క్రిములను చంపి, మూసిన పొట్లంలో ఉంచుతారు. ఇంట్లో ఉడకబెట్టి ఎండలో ఆరవేసిన పాత పంచె ఎంత తెల్లగా ఉన్నా దానికి సాటి రాదు. మరిగే నీటిలోను చావని క్రిమిబీజాలు కొన్ని కలవు. ఆరవేసినచోట దుమ్ము పడును, మడిచేటప్పుడు చేతులు తగులును.

క్రిములను ఆపే కట్టు కథ ఎముకల గాయంతోనే మొదలైనది. 1865లో గ్లాస్గో నగరంలో బండి కింద పడి కాలి ఎముక విరిగి, చర్మం చీలిన 11 ఏండ్ల బాలునికి జోసెఫ్ లిస్టరు కార్బాలిక్ ఆమ్లంలో తడిపిన కట్టు వేసెను. చీము పట్టకుండా ఎముక అతికినది. 1880లో బర్మింగ్‌హామ్ సర్జను శాంప్సన్ గాంజీ రెండు గాజుగుడ్డ పొరల మధ్య దూదిని పెట్టి మెత్తను తయారుచేసెను. నేటి మెత్తలకు అది పెద్దన్న వంటిది.

గాజుగుడ్డ లోపం ఒక్కటే: రసి ఆరినప్పుడు గాయానికి అతుక్కొనును. లాగితే కొత్త చర్మం ఊడివచ్చును. దూదిని గాయం మీద నేరుగా పెడితే పోగులు లోపల చిక్కుకొనును. అందుచేత గాయానికి ఆనుకొని అంటుకొనని పొర ఒకటి ఉండవలెను. పారఫిన్ పట్టించిన గుడ్డ అటువంటిది.

ఏ గాయానికి ఏది?

కుట్లు వేసి మూసిన, పొడిగా ఉన్న గాయానికి మధ్య మెత్త, చుట్టూ జిగురు అంచు గల డ్రెస్సింగు చాలును. పైన పలుచని ఫిలిం ఉన్న రకం నీటి చుక్కను లోనికి రానీయదు, చెమట ఆవిరిని మాత్రం బయటికి విడుచును.

తుంటికి, మోకాలికి మొదటి రోజులలో రసి ఎక్కువగా ఊరవచ్చును. అప్పుడు బాగా పీల్చే రకం కావలెను. సముద్రపు నాచు నుండి తీసే ఆల్జినేటు, హైడ్రోఫైబరు అటువంటివి. ఉత్త ఫిలిం వేస్తే తడి నిలిచి చర్మం నానిపోవును.

మోకాలు వంగే కీలు. ఆపరేషను తరువాత వాచును కూడా. జిగురు పట్టీని బిగలాగి అంటిస్తే చర్మం పొక్కులెక్కును. సాగే గుణం గల డ్రెస్సింగును, లాగకుండా, పరచినట్లు వేయవలెను.

తెరచి ఉంచిన గాయానికి, చర్మం బయటికి పిన్నులు వచ్చిన చోటికి, పిండికట్టు కింది గాయానికి మనంతట మనం ఏదీ మార్చరాదు. ఆసుపత్రిలో నేర్పినట్లే చేయవలెను.

వెల ఎక్కువైతే మేలా?

వెండి కలిపిన డ్రెస్సింగు కోసం అప్పు చేయుటకు సిద్ధపడేవారున్నారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2016లో ఇచ్చిన సూచనలలో, కుట్లతో మూసిన గాయానికి క్రిములు సోకకుండా చూచుటకై మామూలు డ్రెస్సింగుకు బదులు ప్రత్యేకమైన ఖరీదు రకాలు వాడవద్దని చెప్పినది. కాని రసి ఎక్కువైనా, పొక్కులు వస్తున్నా, ఎక్కువ రోజులు నిలిచే రకం వలన విప్పవలసిన సార్లు తగ్గును. డాక్టరుగారు అందుకే వ్రాశారా అని అడిగి తెలుసుకొనుట మర్యాదకు లోపం కాదు.

ఇంట్లో పాటించవలసినవి

శుభ్రంగా, పొడిగా, అంచులు ఊడకుండా ఉన్న కట్టును చూడాలన్న ఆత్రంతో విప్పకూడదు. కుట్ల గాయం అంచులు సుమారు 48 గంటలలో మూసుకొనును. అంతకు ముందు కదిలించుట మంచిది కాదు. మార్చమని చెప్పినప్పుడు చేతులు సబ్బుతో కడిగి, కొత్త డ్రెస్సింగులో గాయానికి తగిలే భాగాన్ని వేలితో ముట్టకుండా వేయవలెను. పసుపు, కాఫీపొడి, బూడిద, ఆకుపసరు పనికిరావు. ఉపకారం చేయవచ్చిన బంధువులు చెప్పినా సరే, వద్దని మెల్లగా చెప్పండి.

మగ్గం దగ్గర నూలు దుమ్ము, గుంటలో చెమ్మ ఉంటవి. రోగి మంచం మగ్గం గదిలో వేయవద్దు. పైగాయం మానినంత మాత్రాన లోపలి ఎముక అతికినట్లు కాదు. డాక్టరుగారు ఒప్పుకొనేదాకా గుంటలోకి దిగి తొక్కుడుచెక్క తొక్కరాదు. చక్కెర వ్యాధి ఉన్నవారు దానిని అదుపులో ఉంచుకొనవలెను. బీడీ, చుట్ట గాయాన్నీ ఎముకనూ రెండింటినీ మాననీయవు. మానివేయుట అన్ని డ్రెస్సింగుల కన్నా చౌక.

ఆలస్యం చేయకూడని గుర్తులు

కట్టు తడిసి పైకి కారుట, గాయం చుట్టూ ఎరుపు, వేడి, వాపు, నొప్పి రోజురోజుకు పెరుగుట, చీము, దుర్వాసన, చలిజ్వరం, కుట్లు విడిపోవుట, పిక్క వాచి నొప్పి పుట్టుట, పిండికట్టు కింద వేళ్లు నీలంగా మారుట, తిమ్మిరెక్కుట. వీటిలో ఏది కనిపించినా వారపు కూలి ముట్టేదాకా ఆగక, అదే రోజు ఆపరేషను చేసినవారి వద్దకు పోవలెను. ఊపిరి ఆడకపోయినా, గుండెలో నొప్పి వచ్చినా క్షణం ఆగకూడదు.

ఆసుపత్రి విడిచే ముందు అడగవలసినవి నాలుగు: ఈ కట్టు ఎన్ని రోజులు ఉంచవలెను? స్నానం ఎప్పుడు, ఎట్లు? కుట్లు ఏ తేదీన విప్పుతారు? రాత్రివేళ అవసరమైతే ఎవరిని పిలువవలెను? షోలాపురంలోనైనా, మధురలోనైనా, బరంపురంలోనైనా అక్కడి భాష చక్కగా వచ్చినవారిని వెంట తీసుకొనిపోయి, జవాబులు తెలుగులో వ్రాసుకొని, ఇంట్లో అందరికీ కనిపించేచోట అంటించండి.