మెట్ట చేలల్లో కౌజు, పూరేడు నిలవాలంటే

కౌజు పిట్టలు, పూరేడు పిట్టలు నేల మీదే మేస్తాయి, నేల మీదే గుడ్లు పెడతాయి. వేట ఆగినంత మాత్రాన వాటి సంఖ్య పెరగదు. దాక్కోవడానికి గట్టు మీద గడ్డి, పిల్లలకు మేతగా పురుగు దొరకాలి. కౌజు ఏడాది పొడుగునా ఒకే చోట ఉండే పక్షి. పూరేళ్లలో వానలకు జతకట్టి గుడ్లు పెట్టే రకం ఒకటైతే, చలికాలంలో ఉత్తరం నుంచి వలస వచ్చే రకం మరొకటి.

కౌజు ముఖ్యంగా ఏప్రిల్ నుంచి సెప్టెంబరు వరకు గుడ్లు పెడుతుంది. గడ్డి దుబ్బు కిందో, రేగు పొద మొదట్లోనో చిన్న గుంట చేసుకుని నాలుగు నుంచి ఎనిమిది దాకా పెట్టి, 18, 19 రోజులు పొదుగుతుంది. తొలకరికి ముందు గట్లకు నిప్పు పెట్టే అలవాటు సరిగ్గా ఈ రోజుల్లోకే వస్తుంది. గట్టు శుభ్రం చేయక తప్పకపోతే డిసెంబరు, జనవరిలో కొడవలితో కోయాలి. అదీ ఈ ఏడు ఒక వైపు, వచ్చే ఏడు రెండో వైపు. రేగు, బలుసు, తంగేడు పొదలను అక్కడక్కడా ఉంచాలి. రాత్రి పడుకోవడానికి కౌజుకు ఒకటి రెండు ముళ్ల చెట్లు చాలు. సర్కారు తుమ్మను గుబురుగా పెరగనిస్తే కింద గడ్డి చచ్చిపోతుంది. గడ్డి ఉంచమంటే వయ్యారిభామను ఉంచమని కాదు. దాన్ని పూతకు ముందే పీకేయాలి.

అసలు చిక్కు పిల్లల దగ్గర వస్తుంది. పెద్ద పిట్టలు కలుపు గింజలు, రాలిన ధాన్యం తిని బతుకుతాయి. పిల్లలకు మాత్రం మొదటి రెండు వారాలూ చెదలు, చీమలు, మిడతల వంటి పురుగులే ఆహారం. ఇంగ్లండ్‌లోని ససెక్స్‌లో 1968లో మొదలైన పరిశోధనలో డిక్ పాట్స్ ఈ సంగతే తేల్చాడు. కౌజు కుటుంబానికే చెందిన పార్ట్రిడ్జ్ అక్కడ తగ్గిపోవడానికి పెద్ద కారణం గడ్డి మందు. మందుకు కలుపు పోయింది, కలుపు మీద బతికే పురుగూ పోయింది, పిల్లలు ఆకలికి చచ్చాయి. ఆ తర్వాత చేను అంచున ఆరు మీటర్ల మేర మందుల వాడకం బాగా తగ్గించమని అక్కడి రైతులకు సూచించారు. ఇక్కడి చిన్న కమతాల్లో అంత కుదరదు. గట్టు పక్కన రెండు మూడు సాళ్లకు గడ్డి మందు, పురుగు మందు తగలకుండా చూసినా మేలే. ఆ సాళ్లలో కలుపును కూలీలతో తీయించవచ్చు.

మందు పట్టించిన విత్తనం పైన తేలి ఉంటే పిట్టలకు విషమే. విత్తాక మట్టి కప్పాలి, చేను మలుపుల్లో ఒలికిన గింజ ఏరి పూడ్చాలి. విత్తిన గింజను కౌజు కొంత తవ్వి తినే మాట నిజమే. అయితే మిడతలను, చెదలను తినేదీ అదే.

మేత జొన్న, సజ్జ కోసేటప్పుడు నాలుగు అంచుల నుంచి లోపలికి వస్తే పిట్టలు మధ్యలో చిక్కుకుని యంత్రం కింద పడతాయి. నడుమ నుంచి బయటికి కోసుకుంటూ వస్తే గట్టెక్కి తప్పించుకుంటాయి. కోత తర్వాత కొయ్యకాళ్లను వెంటనే దున్నకుండా, తగలబెట్టకుండా కొన్ని వారాలు వదిలితే వలస పూరేళ్లకు రాలిన గింజ దొరుకుతుంది.

పిట్టలు పెరిగిన చోటికి వలలు, ఉచ్చులు వస్తాయి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద వీటిని పట్టడం, చంపడం, అమ్మడం నేరం. ఉచ్చులు కనిపిస్తే అటవీ శాఖ సిబ్బందికి తెలియజేయాలి.